తలుపు తీసింది ఎవరు?

పీఠిక

రక్తపిశాచి ప్రేమకథలంటే మన పండితవర్గంలో చిన్నచూపు ఉంది. రైలు ప్రయాణంలో కాలక్షేపానికి కొని, దిగాల్సిన స్టేషన్ రాగానే సీటు మీదే వదిలేసే పుస్తకాలని చాలామంది అనుకుంటారు. అలా అనుకునేవారు ఈ గ్రంథాన్ని అందరికంటే ముందు చదవాలని నా కోరిక. చరిత్ర నేపథ్యంగా వచ్చిన వాంపైర్ ప్రేమ నవలల్లో కథానాయిక ఎక్కడ మొదలై ఎంత దూరం నడిచిందో, రెండు శతాబ్దాల సాహిత్యాన్ని ముందు పెట్టుకుని నింపాదిగా పరిశీలించిన పుస్తకం ఇది. రచయిత్రి నా దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకుంది. శిష్యురాలి పుస్తకమన్న వాత్సల్యంతో రాతప్రతి చేతిలోకి తీసుకున్నాను. పూర్తిచేసేసరికి ఒక విమర్శకురాలి మీద గౌరవం కలిగింది.

పుస్తకమంతా ఒక ప్రశ్న చుట్టూ అల్లుకుంది. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా'లో ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు రమ్మని పిలవనిదే రక్తపిశాచి మొదటిసారి గడప దాటలేదు. ఒకసారి పిలిచాక ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు. చాలామంది పాఠకులు దీన్ని భయం పెంచే చమత్కారంగా చదివి ముందుకు వెళ్లిపోతారు. ఈమె అక్కడే ఆగింది. ప్రతి నవల దగ్గరా తలుపు తీసింది ఎవరు, తీసే హక్కు ఎవరికి ఉంది అని అడిగింది. ఆ జవాబులే ఇందులోని అధ్యాయాలు. వాటిని వరసగా చదువుకుంటూ పోతే ఒక సంగతి గుండెకు తగులుతుంది. పిశాచి అనుమతి అడిగి తీరాల్సిన ఆ కథల్లోనే తండ్రికీ భర్తకీ ఆ అవసరం లేదు.

గడప దగ్గర భయం మనకూ తెలుసు. 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద రాసుకున్న ఊళ్లు తెలుగునాట ఉన్నాయి. అక్కడ బయట నిలబడ్డది ఆడదయ్యం, లోపల కాపాడుకోవాల్సింది మగవాళ్లను. ఐరోపా కథల్లో బయట ఉన్నవాడు మగవాడు, లోపల ఉన్నది యువతి, తాళంచెవి మాత్రం ఇంటి పెద్ద చేతిలో. ఆ తాళంచెవి యువతి చేతికి ఎలా వచ్చిందన్నదే ఈ గ్రంథంలోని కథ.

మొదటి అధ్యాయం చరిత్ర. 1718లో పాసరోవిట్జ్ సంధితో ఉత్తర సెర్బియా ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలోకి వచ్చింది. ఆ సరిహద్దు పల్లెల్లో చచ్చినవాళ్లు లేచి వస్తున్నారన్న వదంతులు అధికారుల కాగితాల్లోకి ఎక్కాయి. 1725లో కిసిల్యెవో గ్రామం నుంచి ఒక నివేదిక, 1732లో మెద్వెజా గ్రామానికి వెళ్లిన సైనిక వైద్యుల నివేదిక పడమటి పత్రికల దాకా పాకాయి. సమాధులు తవ్వితే శవాలు ఉబ్బి ఉన్నాయి, నోటి దగ్గర నెత్తురు ఉంది, గోళ్లు పెరిగినట్టున్నాయి. కుళ్లే క్రమంలో లోపల వాయువులు చేరి ఒళ్లు ఉబ్బుతుంది, రక్తం రంగు ద్రవం నోట్లోంచి బయటికి వస్తుంది, చర్మం ముడుచుకుని గోరు పొడుగ్గా కనిపిస్తుంది. గుండెల్లో మేకు దిగినప్పుడు వినిపించే మూలుగు కూడా ఆ వాయువుదే. ఇవన్నీ తేలిక మాటల్లో చెప్పి, రచయిత్రి మరో విషయం చూపించింది. ఆ పల్లెల్లో జనం భయపడింది తమ ఇరుగుపొరుగు వాళ్లకూ తమ ఇంట్లో పోయినవాళ్లకూ. పట్టు కోటు తొడుక్కున్న ప్రభువు అక్కడ ఎక్కడా లేడు.

1755లో ఒక స్త్రీ శవాన్ని తవ్వి తీసి కాల్చారన్న వార్త వియన్నా చేరింది. మహారాణి మరియా థెరీసా తన ఆస్థాన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ చేత విచారణ చేయించింది. ఇవి అజ్ఞానం వల్ల పుట్టిన భయాలని అతను తేల్చాక, శవాల మీద ఇలాంటి దౌర్జన్యం చేయరాదని శాసించింది. వాంపైర్ చరిత్రలో తన మాట చెల్లించుకున్న మొదటి స్త్రీగా ఒక పాలకురాలిని నిలబెట్టడం ఈ రచయిత్రి చూపుకు నిదర్శనం.

పల్లె దయ్యాన్ని పట్నం ప్రభువుగా మార్చింది సాహిత్యం. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున బైరన్, షెల్లీ, మేరీ షెల్లీ కలిసి దయ్యాల కథలు అల్లుకున్న గుంపులో బైరన్ వైద్యుడు జాన్ పోలిడోరి కూడా ఉన్నాడు. 1819లో అచ్చయిన అతని 'ది వాంపైర్' కథలో లార్డ్ రూత్వెన్ అందగాడు, మాటకారి, సభలో అందరి చూపులూ లాగేవాడు. వాడి రహస్యం ఆబ్రీ అనే యువకుడికి తెలుసు. కానీ ఏడాది పైన ఒక్కరోజు దాకా బయటపెట్టనని ఒట్టు వేశాడు. గడువు తీరేలోపే ఆబ్రీ చెల్లెలు ఆ ప్రభువును పెళ్లాడుతుంది, చచ్చిపోతుంది. అన్న మాట నిలబడింది, చెల్లెలు బలైంది. ఆ అమ్మాయికి కథలో ఇంటిపేరే తప్ప సొంత పేరు లేదు. మన రచయిత్రి తన ప్రయాణాన్ని ఈ పేరులేని అమ్మాయి దగ్గర మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది. 1872 నాటి షెరిడన్ లే ఫాన్యు 'కార్మిల్లా'లో లారా తన కథ తానే రాసుకుంటుంది. పేరు వచ్చింది, కలం వచ్చింది. నిర్ణయాలు మాత్రం ఇంకా పెద్దవాళ్ల గదిలోనే జరిగాయి.

ఈ గ్రంథానికి ఆయువుపట్టు మీనా హార్కర్ అధ్యాయం. సినిమాల వల్ల డ్రాక్యులా మొహం లోకమంతా ఎరుగును కానీ, స్టోకర్ నవలలో మీనా చేసిన పని తక్కువమందికి గుర్తుంది. ఆమె బడిలో సహాయోపాధ్యాయురాలు. షార్ట్‌హ్యాండ్, టైపు నేర్చుకుంది. రైళ్ల వేళలు కంఠతా వచ్చు. డాక్టర్ సీవర్డ్ తన దినచర్యను ఫోనోగ్రాఫ్ మైనపు గొట్టాల మీద నెలల తరబడి చెప్పి పెట్టుకున్నాడు. అందులో కావలసిన భాగం వెతికి పట్టుకోవడం ఎలాగో ఆయనకే తెలియదు. మీనా కూర్చుని విని, టైపు చేసి, ఒకేసారి మూడు ప్రతులు తీసింది. భర్త డైరీ, ఉత్తరాలు, పత్రికల వార్తలు తేదీల వారీగా పేర్చింది. అంతవరకు ఎవరి ముక్క వారి దగ్గర ఉన్న కథ అప్పుడు ఒక్కటైంది.

ఆ తరువాత పిశాచి వేటకు పూనుకున్న మగవాళ్లంతా కూడి, ఇక ఈ వ్యవహారం ఆడవాళ్లకు తగదని ఆమెను పక్కన పెట్టారు. వాళ్లు పిశాచిని వేటాడటానికి బయటికి వెళ్లిన రాత్రే పిశాచి ఆమె గదిలోకి వచ్చింది. ఆ ఇంటి తలుపు తెరిచింది మీనా కాదు, అక్కడి చికిత్సాలయంలో ఉన్న రెన్‌ఫీల్డ్ అనే రోగి. లోపలికి పిలిచినవాడు ఒకడు, ఆలోచన నుంచి తప్పించినవాళ్లు ఐదుగురు, గాయం మాత్రం ఆమెది. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చదివిన తీరు ఈ పుస్తకంలో అత్యుత్తమ విమర్శ. ఆమెను కాపాడాలనుకుని చేసిన పనే ఆమెను ఒంటరిని చేసింది.

మీనా అక్కడ కూలిపోలేదు. డ్రాక్యులా ఆ కాగితాలను నిప్పులో వేసినా, ఇనప్పెట్టెలో మరో ప్రతి మిగిలింది. అది ఆమె టైపు చేసిందే. తన రక్తంలో చేరిన విషాన్నే ఆయుధం చేసుకుని, తనను వశీకరణ నిద్రలోకి పంపి శత్రువు ఎక్కడున్నాడో అడగమంది. చివరికి అతను ఏ నది మీదుగా కోటకు చేరతాడో పటాలు చూసి, ఒక్కొక్క అవకాశాన్నీ కొట్టేస్తూ తేల్చి రాసిచ్చింది కూడా ఆమే. తాను మారిపోతే తన ప్రాణం తీయమని వాళ్లచేత మాట తీసుకుంది. అదే సమయంలో ఆ పిశాచి మీద కూడా జాలి ఉంచమంది. ధైర్యం, తర్కం, దయ ఒకే మనిషిలో ఇంత నిండుగా ఉన్న పాత్రలు ఆ కాలపు నవలల్లో అరుదు.

ఇక ప్రేమ. పిశాచిని ప్రేమికుడిగా నిలబెట్టి, చరిత్రను పట్టుగా అల్లి, కథానాయికకు సరిసమానమైన పీట వేసిన రచయిత్రుల్లో చెల్సీ క్విన్ యార్‌బ్రోది పెద్దపీట. 1978లో వచ్చిన ఆమె 'హోటల్ ట్రాన్సిల్వేనియా' 1743 నాటి పారిస్‌లో జరుగుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా దర్బారుల్లో నిజంగా తిరిగిన సెయింట్ జర్మెయిన్ ప్రభువును ఆమె వాంపైర్‌గా ఊహించింది. కథానాయిక మాడలీన్ కాన్వెంటులో చదివి, మేనత్త ఇంటికి పారిస్ వచ్చిన అమ్మాయి. ఆమె పుట్టకముందే తండ్రి తన మొదటి బిడ్డను ఒక సైతాను పూజల ముఠాకు మాట ఇచ్చేశాడు. తలుపు ఎవరు తీశారన్న ప్రశ్నకు ఇంతకంటే కఠినమైన జవాబు ఉండదు. కూతురు కళ్లు తెరవకముందే తండ్రి తలుపు తీసిపెట్టాడు.

ఆ ముఠా నుంచి ఆమెకు అండగా నిలిచినవాడు రక్తం తాగేవాడు. అయితే యార్‌బ్రో సృష్టించిన ఈ నాయకుడికి ఒక ప్రత్యేకత ఉంది. ప్రేమించిన స్త్రీ తెలిసి, ఇష్టపడి దగ్గరైనప్పుడే అతనికి నిజమైన తృప్తి. ఎవడని తెలిశాక కూడా అతన్ని కోరుకున్నది మాడలీనే. తరువాతి నవల 'అవుట్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ లైఫ్'లో (1990) ఆమె పంతొమ్మిదో శతాబ్దపు ఈజిప్టులో పురాతన కట్టడాలను తవ్వి చదివే పండితురాలిగా కనిపిస్తుంది. ప్రేమ ఆమె కథకు ముగింపు కాలేదు, చదువుకు దారి అయింది.

యార్‌బ్రో మరో నాయిక ఒలీవియా. 'బ్లడ్ గేమ్స్'లో ఆమె నీరో కాలపు రోములో ఒక సెనేటర్ భార్య. ఆ భర్త పెట్టే హింస ముందు పిశాచి కోరలు ఎంతటివి అనిపిస్తుంది. 'ఎ ఫ్లేమ్ ఇన్ బైజాంటియం'లో (1987) ఆమె ఆరో శతాబ్దపు కాన్‌స్టాంటినోపుల్ చేరుతుంది. శతాబ్దాల అనుభవం, ఆస్తి, వివేకం అన్నీ ఉన్నాయి. అయినా ఆ నగరంలో ఇల్లు నడుపుకోవాలంటే ఒక మగవాడు పూచీ ఉండాలి. ఆమెకు పూచీ ఉన్నవాడు సేనాని బెలిసారియస్. అతని మీద చక్రవర్తి జస్టీనియన్‌కు అనుమానం కలిగితే, ఆమె బతుకూ ఆటుపోటులో పడుతుంది. చావును జయించిన స్త్రీ కూడా పూచీదారు సంతకం కోసం ఎదురుచూడాల్సి రావడాన్ని రచయిత్రి నాలుగు పేజీల్లో విశ్లేషించింది. చరిత్ర నవలకు పిశాచి ఎందుకు అవసరమో ఆ నాలుగు పేజీలు చదివితే తెలుస్తుంది. వందల ఏళ్లు బతికే స్త్రీ ఉంటేనే చట్టాలు ఒకదాని తరువాత ఒకటి ఆమె మీదుగా ఎలా నడిచాయో ఒకే జీవితంలో చూపించవచ్చు.

బలమైన నాయిక అనగానే కత్తి తిప్పే పిల్లను ఊహించుకోవడం ఇప్పటి అలవాటు. ఈ గ్రంథం ఆ అలవాటును సరిచేస్తుంది. నాయిక బలాన్ని ఆమె కాలం ఆమెకు ఇచ్చిన చోటుతో కొలవాలి. బార్బరా హాంబ్లీ 'దోజ్ హూ హంట్ ది నైట్'లో (1988) లిడియా ఆషర్ 1907 నాటి వైద్యురాలు. లండన్ వాంపైర్లు ఎక్కడ దాక్కున్నారో ఆమె ఆయుధం పట్టి వెతకలేదు. ఆస్తి దస్తావేజులు తిరగేసి, ఏ ఇల్లు మనిషి ఆయుష్షుకు మించి ఒకే చేతిలో ఉండిపోయిందో చూసింది. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆడపిల్లలు చదవవచ్చు, పరీక్ష రాయవచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు. 1920 దాకా అదే పద్ధతి. మన దేశం నుంచి వెళ్లిన కోర్నీలియా సొరాబ్జీ 1892లో అక్కడ న్యాయశాస్త్ర పరీక్ష రాసి, పట్టా కోసం మూడు దశాబ్దాలు ఆగాల్సి వచ్చిన సంగతి గుర్తుంటే, లిడియా ముందున్న కాగితాల కట్ట ఎంత బరువైందో తెలుస్తుంది.

జ్యూయెల్ గోమెజ్ 'ది గిల్డా స్టోరీస్' (1991) గురించిన అధ్యాయం చదువుతూ నేను చాలాసేపు ఆగిపోయాను. 1850లో లూసియానాలో బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతి పిల్లతో ఆ నవల మొదలవుతుంది. ఆశ్రయమిచ్చిన గిల్డా, ఆమె సహచరి బర్డ్ ఇద్దరూ వాంపైర్లు. లకోటా తెగకు చెందిన బర్డ్ ఈ పిల్లకు చదువు చెబుతుంది. బానిసలకు చదవడం నేర్పడం నేరమని 1830లోనే చట్టం చేసిన రాష్ట్రం అది. పోలిడోరి కథలో లాగే ఈ అమ్మాయికీ మొదట పేరు లేదు, 'పిల్ల' అనే పిలుస్తారు. తెలిసి, ఒప్పుకుని కొత్త జీవితంలోకి అడుగుపెట్టాక, తనకు దారి చూపిన గిల్డా పేరునే తన పేరుగా తీసుకుంటుంది. ఆమె రక్తం తీసుకుంటే ఊరికే తీసుకోదు. ఎదుటి మనిషి మనసులోని అవసరాన్ని గ్రహించి, బదులుగా ఒక ఆలోచననో ఒక స్వప్నాన్నో అక్కడ ఉంచి వెళుతుంది. మనుషుల చెమటా నెత్తురూ ఉత్తపుణ్యానికి పిండుకున్న వ్యవస్థలో పుట్టిన పిల్ల, ఇచ్చిపుచ్చుకోవడమే ధర్మంగా బతుకుతుంది. స్త్రీల మధ్య ప్రేమను ఆ నవల ఎంత సహజంగా చెప్పిందో, మన రచయిత్రి కూడా తడుముకోకుండా అంత సహజంగానే రాసింది.

ఇసబెల్ కన్యాస్ 'వాంపైర్స్ ఆఫ్ ఎల్ నార్తె' (2023) మీద రాసిన భాగం ఈ వాదాన్ని మరో మెట్టు ఎక్కిస్తుంది. 1846లో మెక్సికో, అమెరికా యుద్ధం. పశువుల కొట్టాల యజమాని కూతురు నేనా వైద్యం నేర్చుకుని, గాయపడ్డవాళ్లకు చికిత్స చేయడానికి రౌతుల వెంట వెళుతుంది. ఇంటికి లాభం కలిగే సంబంధం చూసి కట్టబెట్టాలన్నది తల్లిదండ్రుల తలంపు; తన విలువ చేతిపనిలో ఉందని నిరూపించుకోవాలన్నది ఆమె పంతం. అక్కడ ప్రేమికుడు నెస్తోర్ మామూలు మనిషి, పశువుల కాపరి. నెత్తురు తాగేవి మాత్రం నేల కబ్జా చేయడానికి వచ్చినవాళ్ల వెంట వస్తాయి. నేలా, ఆడపిల్లా రెండింటి మీదా హక్కు ఎవరిదన్న ప్రశ్న ఒకేచోట కలుస్తుంది.

డెబొరా హార్క్‌నెస్ వృత్తిరీత్యా చరిత్ర ఆచార్యురాలు. ఆమె 'షాడో ఆఫ్ నైట్'లో (2012) నేటి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు డయానా, వాంపైర్ భర్త మాథ్యూతో 1590 నాటి ఇంగ్లండుకు వెళుతుంది. అతనికి అది తాను బతికిన కాలం. ఆ కాలాన్ని పుస్తకాల్లో చదివి పండితురాలైన ఆమె యాసే అక్కడివాళ్లకు వింత, ఈక కలం పట్టడం కూడా మళ్లీ నేర్చుకోవాలి. చరిత్ర చదవడానికీ అందులో బతకడానికీ ఉన్న దూరాన్ని ఈ ఒక్క సన్నివేశంతో రచయిత్రి విప్పి చూపింది.

మెచ్చుకున్న నవలల్లోని లోపాలను కూడా ఈమె దాచలేదు. వందల ఏళ్ల వయసు, అంతులేని డబ్బు, లోకమంతా చూసిన తెలివి ఉన్న మగవాడు ఇరవై ఏళ్ల అమ్మాయి వెంటపడితే, దాన్ని ప్రేమ అనడానికి ముందు ఆగి ఆలోచించమంది. రాత్రిళ్లు అమ్మాయి గదిలోకి చెప్పకుండా రావడాన్ని శృంగారంగా చూపిన నవలలను సూటిగా తప్పుపట్టింది. రెండు ఎదురుమాటలు అనిపించినంత మాత్రాన నాయిక బలవంతురాలు కాదనీ, కథ మలుపు తిరిగే చోట నిర్ణయం ఆమెది కావాలనీ తేల్చి చెప్పింది. ఈ గీటురాయి మన నవలలకూ పనికొస్తుంది.

నిజానికి తెలుగు పాఠకులకు ఈ దారి పూర్తిగా కొత్త కాదు. అడివి బాపిరాజు 'హిమబిందు' చదివినవారికి విషకన్య తెలుసు. ఒంటి స్పర్శే చావైన స్త్రీ ప్రేమను కోరుకోవడంలోని వేదన అందులో ఉంది. ఆమెను విషంతో పెంచినవాళ్లు వేరే ఉన్నారు, శాపం మాత్రం ఆమె ఒంటికి చుట్టుకుంది. ఎనభైల్లో మన వారపత్రికలను ఊపేసిన చేతబడి సీరియళ్లలో ఆడవాళ్లు, పసిపిల్లలు ఎక్కువగా బాధితులుగానే మిగిలారు. భయాన్ని అంత బాగా రాయగలిగిన మన రచయితలు, ఆ భయానికి ఎదురు నిలిచి ఆలోచించే నాయికను ఎందుకు తక్కువగా సృష్టించారో ఈ పుస్తకం చదివిన యువ రచయితలు ఆలోచించాలి.

పుస్తకంలోని భాష గురించి ఒక్కమాట. పరాయి దేశాల పేర్లు, చట్టాలు, యుద్ధాలు పేజీ పేజీకీ వస్తున్నా వాక్యం ఎక్కడా కుంటుపడలేదు. ఆ నవలలు చదవనివారికి కూడా కథ తెలిసేలా చెప్పి, చెప్పిన కథలోంచే విమర్శను తీసింది. పాండిత్య ప్రదర్శన లేదు. చదివినదాన్ని ప్రేమించిన మనిషి గొంతు ప్రతి పుటలో వినిపిస్తుంది.

రెండో కూర్పు వచ్చినప్పుడు ఒక అధ్యాయం చేర్చమని పెద్దరికంతో అడుగుతున్నాను. స్టోకర్ పోయాక, అనుమతి లేకుండా ఆయన నవలను 1922లో 'నోస్ఫెరాటు'గా సినిమా తీశారు. ఆయన భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ కోర్టుకెక్కి, ప్రతులన్నీ ధ్వంసం చేయమని 1925లో ఉత్తర్వు తెచ్చుకుంది. కొన్ని ప్రతులు తప్పించుకోవడం వల్ల ఆ సినిమా ఇవాళ మనకు మిగిలింది, అది వేరే సంగతి. వివాహిత ఆస్తి వివాహితదేనని 1882లో గానీ చట్టం గట్టిగా చెప్పని దేశంలో, ఒక వితంతువు తన హక్కు కోసం దేశం దాటి పోరాడి గెలిచింది. అడగకుండా లోపలికి వచ్చినవాళ్లకు కాదని చెప్పిన నిజజీవిత నాయికకు ఈ గ్రంథంలో చోటుండాలి.

పేరులేని చెల్లెలి నుంచి తన పేరు తాను ఎంచుకున్న గిల్డా దాకా సాగిన ఈ నడకను తెలుగు పాఠకులకు అందించినందుకు రచయిత్రిని మనసారా అభినందిస్తున్నాను. విశ్వవిద్యాలయాల్లో తులనాత్మక సాహిత్యం చెప్పేవారు దీన్ని విద్యార్థుల చేత చదివించాలి. సరదాగా ఈ నవలలు చదువుకుంటూ, పెద్దవాళ్ల ముందు పుస్తకం దాచుకునే ఆడపిల్లలు దీన్ని బాహాటంగా చదవాలి. వారు చదువుతున్నది సిగ్గుపడాల్సిన సాహిత్యం కాదు. తన ఇంటి తలుపు మీద, తన ఒంటి మీద, తన పేరు మీద హక్కు తనదేనని చెప్పుకున్న స్త్రీల కథ అది. చిరంజీవి ఇక్కడితో ఆగకుండా, తెలుగు నేల చరిత్రలోంచి అలాంటి నాయికతో ఒక నవల రాయాలనీ, దానికి పాఠకులు బ్రహ్మరథం పట్టాలనీ ఆశీర్వదిస్తున్నాను.